పొడుగుకారు బాగోదన్న మనిషి

మామిడికుదురు దాటాక కాలవగట్టు మీద దుబాయి దానం ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చెయ్యెత్తి చూపించేవారు. ఆ ఇంట్లోకి వెళ్ళి కాసేపు కూర్చున్నవాళ్ళు మాత్రం బహు తక్కువ. మనిషి చెడ్డవాడేం కాదు. పదేళ్ళ పైచిలుకు దుబాయిలో ఉండి వచ్చినవాడితో ఏం మాట్లాడాలో ఊరికి తెలియలేదు. తను లేని ఆ పదేళ్ళలో ఎవరికి పెళ్ళయిందో, ఎవరి చెట్లు అమ్ముడుపోయాయో, ఎవరితో ఎవరు మాటలు మానేశారో దానానికి తెలియదు. నలుగురూ నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో ఆరా తీసేలోపు ఆ నవ్వు అయిపోయేది. అందుకని నలుగురిలోకి వెళ్ళడమే తగ్గించుకున్నాడు.

గ్యాసు బావుల పనికి వచ్చే ఇంజనీర్లని లాడ్జీకీ రిగ్గుకీ మధ్య తిప్పే సుమో ఒకటి నడిపేవాడు. వాళ్ళు వెనక సీట్లో కూర్చుని హిందీలోనో అరవంలోనో మాట్లాడుకునేవారు. సాయంత్రం బండిని కాంట్రాక్టరు షెడ్డులో పెట్టేసి, ఇంటికొచ్చి, ఒక్కడికే ఇంత అన్నం వండుకుని, టీవీ ఎదురుగా కూర్చుని తినేవాడు. టీవీలో ఏమొస్తోందని అడిగితే చెప్పలేడు. ఇంట్లో ఇంకో గొంతు వినపడాలని పెట్టుకునేవాడు, అంతే. ఆదివారం మరీ కష్టం. చర్చి అయిపోయాక మిగిలిన పొద్దంతా ఏం చెయ్యాలో తోచేది కాదు.

భార్య జయమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. పిల్లలు లేరు.

జయమ్మ ఊళ్ళోనే ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పెళ్ళయిన ఏడాదికి, తొంభై ఒకటిలో, దానం దుబాయి వెళ్ళాడు. మొదట ఒక షేకు ఇంట్లో డ్రైవరు. ఆ తరవాత పెళ్ళిళ్ళకి కార్లు అద్దెకిచ్చే కంపెనీలో కుదిరాడు. అక్కడ అతని చేతికిచ్చినది మామూలు బండి కాదు, లిమోజిన్. పొడుగు కార్లు ఆ ఊళ్ళో చాలానే ఉన్నాయి గానీ, ఇది తాతలనాటి కారులా కనపడేలా ప్రత్యేకంగా చేయించింది. ముందు గుర్రం మొహంలా సాగిన బానెట్టు, దానికి రెండు పక్కలా బోర్లించిన చెంబుల్లా గుండ్రటి హెడ్‌లైట్లు, కెరటంలా లేచి పడే మడ్‌గార్డులు, కాలు పెట్టి ఎక్కడానికి పొడుగాటి ఫుట్‌బోర్డు, మడ్‌గార్డుకి ఆనించి నిలబెట్టిన స్టెప్నీ చక్రం. ఒళ్ళంతా మీగడ రంగు, మడ్‌గార్డులు కాఫీపొడి రంగు. చూసినవాళ్ళు డెబ్భై ఏళ్ళ కిందటి మహారాజావారి కారనుకునేవారు. లోపలున్నది మాత్రం నిన్న మొన్నటి అమెరికా కారు, లింకన్. దాన్ని మధ్యకి కోసి, సాగదీసి, పైన పాతకాలం వేషం కట్టారు.

తెల్ల చేతితొడుగులు వేసుకుని, టోపీ పెట్టుకుని, దానం దాంట్లో ఎన్నో పెళ్ళిళ్ళు నడిపాడు. డ్రైవరుకీ వెనక కూర్చున్నవాళ్ళకీ మధ్య నల్లద్దం ఉండేది. వాళ్ళు మీట నొక్కితే అది పైకి లేచేది. ఆ తరవాత నవ్వులూ ఏడుపులూ ఏవీ ముందుకి వినపడేవి కావు.

శుక్రవారం శుక్రవారం జయమ్మ మామిడికుదురు సెంటర్లో ఎస్టీడీ బూతుకి వచ్చి కూర్చునేది. దానం అక్కణ్ణించి ఫోను చేసేవాడు.

“ఇయ్యాల ఎవరి పెళ్ళండి?” ఎప్పుడూ ఆమె మొదటి మాట అదే.

“ఎవరో ఈజిప్టోళ్ళంట.”

“పెళ్ళికూతురు బాగుందా?”

“అద్దం లేపేసేరు. చూళ్ళేదు.”

“మీరెప్పుడు చూసేరు గనక! పోనీ, కారెలాగుంటదో ఇంకోసారి చెప్పండి.”

అతను చెప్పేవాడు. ఆమె ఎన్నిసార్లు విన్నా కొత్తగా వినేది. ఒకసారి పకపకా నవ్వి, “అంత పొడుగు బండి మన గట్టు మీదకి తెచ్చేరంటే మలుపులో ఇరుక్కుపోద్దండి. ముందు చక్రాలు చర్చి కాడ, ఎనక చక్రాలు రేవు కాడ! ఊరంతా చూడ్డానికొచ్చేస్తారు. ఓ ఫోటో తీసి పంపండీ,” అంది.

తీద్దామనుకున్నాడు. డ్రైవర్లు కారు పక్కన నిలబడి ఫోటోలు దిగితే యజమాని ఊరుకునేవాడు కాదు. అయినా ఎవరూ లేనప్పుడు తియ్యొచ్చు. వచ్చే నెల తీద్దాం, పండక్కి తీద్దాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆ కారుని కంపెనీవాళ్ళు ఎవరికో అమ్మేశారు. రెండువేల ఒకటి వానాకాలంలో జయమ్మకి పచ్చకామెర్లు వచ్చాయి. కబురందుకుని దానం విమానం దిగి ఇంటికి చేరేసరికి, సమాధుల తోటలో మట్టి కప్పడం కూడా అయిపోయింది. పని ఒప్పుకున్న గడువు పూర్తి చేసి రావడానికి మళ్ళీ వెళ్ళి, ఆ మరుసటి ఏడాది శాశ్వతంగా తిరిగొచ్చేశాడు.

రెండువేల అయిదులో ఒక ఆదివారం, ఊరికే అమలాపురం వచ్చి తిరుగుతుంటే వాన పట్టుకుంది. గడియార స్తంభం దాటి సందులోకి పరుగెత్తి, ఒక మేడ మెట్ల కింద నిలబడ్డాడు. జల్లు లోపలికి కొడుతుంటే మెట్టు మెట్టే పైకెక్కాడు. పైన ఇంటర్నెట్ సెంటరు. బీఎడ్ చదివి, టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఆ సెంటరు పెట్టుకున్న శారోన్ అనే అమ్మాయి కౌంటర్లో కూర్చుని ఉంది.

“ఏం కావాలంకుల్? రిజల్ట్సా?”

వాన కోసం నిలబడ్డానని చెప్పడానికి మొహమాటపడి, “ఇందులో కార్లు కనపడతాయామ్మా? పాత మోస్తరు పొడుగు కార్లు?” అన్నాడు దానం.

శారోన్ వెతికింది. రకరకాల బొమ్మలొచ్చాయి. వాటి వెంటపడి వెళితే ఒక సైటు దొరికింది. ఏ దేశంలోనో రోడ్డు మీద కనపడిన వింత కారుని ఎవరో ఫోటో తీసి అందులో పెట్టి, ఇది ఏ కారు, ఎవరు చేశారు అని అడుగుతారు. మిగతావాళ్ళు చూసి చెబుతారు, పోట్లాడుకుంటారు. పాతకాలం వేషం కట్టిన పొడుగు కార్లకైతే అందులో వేరే గదే ఉంది. దానం ఆ బొమ్మల ముందు కూర్చుండిపోయాడు. వాన వెలిసిన సంగతి శారోన్ చెబితే గానీ తెలియలేదు.

ఆ తరవాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. చూసింది చూసినట్టు తెలుగులో చెబితే శారోన్ ఇంగ్లీషులో కొట్టేది. చెప్పిన నాలుగింటిలో రెండు ఒప్పయ్యేవి, రెండు తప్పయ్యేవి. తప్పయినా బాధపడేవాడు కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, “లేదు, ఇంకోసారి చూడు” అని తనతో మాట్లాడడమే బాగుండేది.

నారాయణమూర్తిగారు తగిలింది అక్కడే. పలివెలలో కొబ్బరితోటలున్న రైతు. అరవై అయిదు దాటిన మనిషి, తెల్లపంచె, చేతిలో గొడుగు. ఆయన చిన్నతనంలో వాళ్ళ నాన్నగారికి ప్లిమత్ కారు ఉండేది. ఆయనకి పదేళ్ళప్పుడు అది అమ్ముడుపోయింది. అలాంటి కారు బొమ్మ ఎక్కడైనా కనపడుతుందేమోనని, పొలం పని మీద అమలాపురం వచ్చినప్పుడల్లా నెట్ సెంటరు మెట్లెక్కేవాడు. ఓ ఆదివారం ఆయన దానం వెనకనుంచి వెళ్తూ తెరమీద బొమ్మ చూసి ఆగిపోయాడు.

“ఛీ! ఏంటయ్యా అది? కారా, రైలుపెట్టా?”

దానం లేచి నిలబడ్డాడు. “లిమోజినండి.”

“హెడ్‌లైట్లు చూడు. గేదె మొహానికి కోడికళ్ళు పెట్టినట్టున్నాయి. పాతదైతే పాతదిగా ఉండాలి, కొత్తదైతే కొత్తదిగా ఉండాలి. ఇదేం వేషం?”

దానం ఎవరితోనూ ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆరోజెందుకో ఊరుకోలేకపోయాడు. “పెళ్ళికెళ్ళినప్పుడు పట్టుపంచె కట్టరాండి? రోజూ ఫ్యాంటేసుకునే కుర్రోడు కూడా ఆ పూట తాతగారిలాగే తయారవుతాడు. ఇదీ పెళ్ళికెళ్ళే బండేనండి.”

నారాయణమూర్తిగారు ఒక్క క్షణం తడబడ్డాడు. “పంచె కడతారు గానీ మనిషిని మధ్యకి కోసి సాగదీసి కడతారటయ్యా?” అని గొడుగు గోడకి ఆనించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ కూర్చోవడం రెండేళ్ళు సాగింది.

ఆదివారం మధ్యాహ్నం ముందు ఎవరొస్తే వాళ్ళు రెండో కుర్చీ పట్టి ఉంచేవారు. కొత్త బొమ్మ రాగానే అది ఏ కారో దానం చెప్పాలి, బాగుందో లేదో ఇద్దరూ తేల్చాలి. ఆనవాలు పట్టడం ఎలాగో దానం ఆయనకి నేర్పాడు.

“మొహం చూడకండి. మొహం ఎవరైనా మార్చేస్తారు. అద్దాలు చూడండి. ముందద్దం వంపు, తలుపుల అద్దాల కొలత. ఎంత వేషం కట్టినా అద్దం మార్చడం కష్టం. అసలు కారుదే ఉంచేస్తారు. అది చూస్తే లోపలున్నదెవరో తెలిసిపోద్దండి.”

“అయితే ఇది?”

“ఇదీ లింకనేనండి. నేను నడిపిందానికంటే ముందుది.”

“అసహ్యంగా ఉంది.”

“దీనికి ఫుట్‌బోర్డు అందం చూడండి.”

“ఫుట్‌బోర్డు మీద కూర్చుని వేరుశనక్కాయలు అమ్ముకోవచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను.”

శారోన్ కౌంటర్లోంచి నవ్వుతూ ఉండేది. ఒక్కోసారి ఏదో కారు ఇద్దరికీ నచ్చేది, లేదా ఇద్దరికీ నచ్చేది కాదు. అలాంటప్పుడు ఇంకేం మాట్లాడాలో తెలియక, చప్పబడిపోయి, గబగబా తరవాతి బొమ్మకి వెళ్ళిపోయేవారు.

నారాయణమూర్తిగారి ఇంటినిండా జనం. భార్య భవానీదేవి, కొడుకు, కోడలు, మనవలు, వచ్చేపోయే కొబ్బరి వ్యాపారులు. అయినా వాళ్ళ నాన్నగారి ప్లిమత్ సంగతి ఎత్తితే, “మళ్ళీ మొదలెట్టేరా” అని అందరూ లేచిపోతారట. ఆ మాట ఆయన నవ్వుతూనే చెప్పాడు.

ఇంతా చేసి, ఆ స్నేహం ఆ మేడమీదిదే. మెట్లు దిగితే ఆయన కొత్తపేట బస్సు వైపు, ఇతను రాజోలు బస్సు వైపు. ఒకసారి దానం ఇంజనీర్లని రావులపాలెంలో దింపి వస్తూ కొత్తపేటలో నారాయణమూర్తిగారిని చూశాడు. కొబ్బరికాయల కొట్టు ముందు పదిమంది రైతుల మధ్య నిలబడి ఉన్నాడు. దానం సంతోషంగా బండి నెమ్మది చేశాడు. ఆయనా చూశాడు. చెయ్యి సగం దాకా లేచింది. ఎందుకో మళ్ళీ కిందకి దిగింది. మొహం పక్కవాళ్ళ వైపు తిరిగిపోయింది. దానం ఆగకుండా వచ్చేశాడు. ఆ వచ్చిన ఆదివారం ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. ఆరోజు నారాయణమూర్తిగారు మామూలుకంటే తక్కువ తిట్టాడు.

రెండువేల ఏడులో క్రిస్మసు వెళ్ళిన వారం, సైటులో ఒక ఫోటో వచ్చింది. ఎక్కడో చలిదేశంలో, ఒక పాత షెడ్డు వెనక, మోకాళ్ళలోతు మంచులో ఒక పొడుగు కారు పడి ఉంది. మీగడ రంగు ఒళ్ళు. కాఫీపొడి రంగు మడ్‌గార్డులు. చక్రాలు లేవు. కప్పు మీదా ముందద్దం మీదా మంచు దట్టంగా పేరుకుపోయింది. ఇది ఏ కారో ఎవరికైనా తెలుసా అని కింద రాసి ఉంది.

దానం కుర్చీ ముందుకి జరుపుకుని తెర మీదకి వంగాడు.

“నాదేనండి,” అన్నాడు చివరికి. “నా బండి.”

“ఎలా చెప్తావయ్యా?”

“రంగు చూడండి. ఎడం పక్క ఫుట్‌బోర్డు మొదట్లో గీత చూడండి. ఓ హోటలు గేటుకి గీసుకుపోయింది, నేనే దగ్గరుండి వెల్డింగు చేయించేను. అదే గీతండి!”

నారాయణమూర్తిగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. “గీతో, మంచు నీడో. అద్దం కనపడట్లేదుగా. నువ్వే కదా అద్దం చూడమంటావు.”

“నా బండి నాకు తెలీదాండి?”

దానం గొంతు అంత పెద్దగా ఆ గదిలో ఎప్పుడూ వినపడలేదు. దానం చెప్పిందంతా శారోన్ రాసింది. ఈ కారు నేను దుబాయిలో నడిపాను, ఇన్నేళ్ళు నడిపాను, దీని గీత సంగతి నాకు తెలుసు అని. వెళ్ళేముందు దానం ఆ ఫోటోని కాగితం మీద తీయించుకున్నాడు. మడతపడకుండా చొక్కా లోపల పెట్టుకుని, బస్సులో ఇంటిదాకా నిలబడే వెళ్ళాడు.

వారం రోజుల్లో సైటులో పెద్ద వాదన నడిచింది. కొందరు దానం మాట నమ్మారు, కొందరు నమ్మలేదు. ఇంకొందరు ఇంత వికారమైన కారు ఒకటుంటేనే ఎక్కువ, రెండో దాన్ని ఎవడు చేస్తాడు అని వేళాకోళం చేశారు. ఆదివారం వచ్చేసరికి ఫోటో పెట్టిన మనిషి, మంచు దులిపి, ముందునుంచి తీసిన బొమ్మలు మరికొన్ని పెట్టాడు.

శారోన్ మొదటి బొమ్మ తెరిచింది. ముందద్దం శుభ్రంగా కనపడుతోంది. దాని వంపు వేరు. దానం నడిపిన లింకన్ అద్దం పలకలా ఉండేది. ఇది గుండ్రం తిరిగి ఉంది. ఆ తరవాత ఏళ్ళలో మార్చిన లింకన్ ఇది. దానం బండి అప్పటికే తయారై దుబాయి రోడ్ల మీద తిరుగుతోంది. ఇది అది కావడానికి వీల్లేదు. కింద ఎవరో ఆ మాటే రాశారు గానీ, దానానికి చదివి వినిపించనక్కర్లేకపోయింది.

నారాయణమూర్తిగారు కూడా చూశాడు. రెండేళ్ళుగా అద్దాలు చూడడం నేర్చుకున్న మనిషి. దానం లేచి, “ఎల్లొస్తానమ్మా” అని శారోన్‌తో చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆదివారం రాలేదు. ఆ పైవారం కూడా రాలేదు. నారాయణమూర్తిగారు రెండో కుర్చీ మీద గొడుగు పెట్టుకుని కూర్చునేవాడు. “ఫోను నంబరైనా ఇవ్వలేదా నీకు?” అని శారోన్‌ని అడిగాడు. ఆ అమ్మాయి దగ్గర లేదు. ఆయనకి తెలిసిందల్లా మామిడికుదురు దగ్గర ఎక్కడో అని మాత్రమే. రెండేళ్ళు పక్కపక్కన కూర్చుని, నీ ఇల్లెక్కడ అని ఒక్కసారీ అడగలేదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం కాలవగట్టు మీద టాక్సీ ఆగింది. పంచె చెంగు చేత్తో పట్టుకుని నారాయణమూర్తిగారు దిగాడు. దానం అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాడు. కంగారుగా లేచాడు.

“మీరేంటండీ, ఇక్కడికి...”

“నలుగురిని అడిగితే నలుగురు దానాలని చూపించేరయ్యా. దుబాయి దానం అంటే దొరికేవు.”

దానం లోపల్నించి కుర్చీ తెచ్చాడు. కండువాతో తుడిచాడు. నీళ్ళిద్దామా వద్దా అని ఒక్క క్షణం గుమ్మంలో నిలబడిపోయాడు. “టీ... తాగుతారాండి?” అన్నాడు భయంగా.

“తాగకేం. పంచదార వెయ్యకు, నాకు షుగరు.”

టీ తాగుతూ ఆయన ఇల్లంతా కలయజూశాడు. గోడమీద జయమ్మ ఫోటో ఉంది, బడిపిల్లల మధ్య నిలబడి తీయించుకున్నది. “మీ ఆవిడా?” అన్నాడు.

“ఆయ్.”

అప్పుడు దానం, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. “ఆవిడికి ఆ కారు చూడాలని ఉండేదండి. అన్నేళ్ళూ ఫోన్లో వినడవే. మొన్న ఆ బొమ్మ తీయించుకున్నాను కదా, పొద్దున్నే సమాధుల తోటకి అట్టుకెళ్ళేనండి. ఇదిగో, ఇదేనే నే చెప్పిన బండి అని చూపించేను. రాయి బరువుంచి అక్కడే పెట్టొచ్చేను. తీరా అది కాదంట. ఆవిడికి అబద్ధం చూపించేసేనండి.”

నారాయణమూర్తిగారు గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు కాలవ వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

“అదే కాకపోయినా అలాంటిదే కదయ్యా. ఒకే రంగు, ఒకే తీరు. నిజం చెప్పాలంటే, ఆ కారు... అందంగానే ఉంది.”

దానం తలెత్తి చూశాడు. “వద్దండి.”

“ఏం?”

“జాలిపడి అనకండి. మీరు బాగుందంటే నాకింకేం మిగలదండి. బాగోదనండి. ఎప్పుడూ అన్నట్టే అనండి.”

నారాయణమూర్తిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “అయితే విను. ఆ బానెట్టు ఉంది చూడు, అంత పొడుగెందుకు? ఇంజను దాంట్లో సగం కూడా ఉండదు. మిగతా సగం దేనికి, కోళ్ళు పెంచడానికా?”

“రాజసం కోసవండి.”

“రాజసం! ఆ స్టెప్నీ అక్కడ నిలబెట్టడం కూడా రాజసమేనా? పంక్చరైతే పెళ్ళికొడుకు దిగి మార్చుకోడానికి వీలుగా ఉంచేరా?”

“మీ ప్లిమత్‌కి లేదాండి పక్కన?”

“మా ప్లిమత్ జోలికి రాకు!”

టాక్సీ డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. పొద్దు వాలేదాకా ఆ అరుగు మీద వాదన సాగుతూనే ఉంది. గట్టు మీద నడిచేవాళ్ళు ఆగి చూశారు. దానం ఇంట్లో ఎవరితోనో పోట్లాడుతున్నాడని మర్నాడు ఊళ్ళో చెప్పుకున్నారు. వెళ్ళేటప్పుడు నారాయణమూర్తిగారు టాక్సీలో కూర్చుని, “వచ్చే ఆదివారం రండి,” అన్నాడు. ఆయన దానాన్ని ‘రండి’ అనడం అదే మొదలు. సరిగ్గా విన్నానో లేదో అని దానం అక్కడే నిలబడిపోయాడు.

మళ్ళీ ఏడాదిపాటు ఆదివారాలు జరిగాయి. రెండువేల ఎనిమిది చివర్లో శారోన్‌కి టీచరు ఉద్యోగం వచ్చింది, రాజోలు అవతల ఒక పల్లెటూళ్ళో. సెంటరు మూసేసింది. ఆ మేడమీద సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. నారాయణమూర్తిగారికి కంటి ఆపరేషను సరిగ్గా కుదరలేదు. ఒంటరిగా బస్సెక్కడం ఇంట్లోవాళ్ళు మాన్పించారు. అప్పటికి ముగ్గురి దగ్గరా సెల్‌ఫోన్లున్నాయి, నంబర్లు రాసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం దానం ఫోను చేసేవాడు. బొమ్మలు లేవు. చూసినవాటినే గుర్తు చేసుకుని పోట్లాడుకునేవారు. ఆయన గొంతు మునుపటిలా లేచేది కాదు. ఏ కారు గురించి మాట్లాడుతున్నారో మధ్యలో మరిచిపోయేవాడు. దానం అందించేవాడు. “ఆ గులాబీరంగుదండి, మీరు కొబ్బరిమిఠాయి అన్నారు చూడండి, అదండి.” అప్పుడాయన, “ఆ, అది! దరిద్రం,” అని తృప్తిగా నవ్వేవాడు.

రెండువేల తొమ్మిది శ్రావణంలో ఒక ఆదివారం ఫోను చేస్తే ఆడగొంతు పలికింది. కోడలు సౌజన్య. “మావయ్యగారు పొద్దున్నే పోయేరండి. మీరెవరు?” అంది. వెనక ఏడుపులు వినపడుతున్నాయి. దానం పేరు చెప్పాడు. ఆ అమ్మాయికి తెలియలేదు. ఎవరో పిలిస్తే ఫోను పెట్టేసింది.

దానం చొక్కా మార్చుకుని బస్సెక్కాడు. పలివెల చేరేసరికి ఇంటి ముందు షామియానా కింద జనం నిండిపోయి ఉన్నారు. ఆ ఇల్లు అతను చూడడం అదే మొదటిసారి. పెద్ద మండువా ఇల్లు, పక్కన ఖాళీ కారుషెడ్డు. శవాన్ని వరండాలో పడుకోబెట్టారు. కళ్ళజోడు లేని ఆ మొహాన్ని దానం పోల్చుకోలేకపోయాడు. రోడ్డు పక్కనే ఓ కొబ్బరిచెట్టు దగ్గర నిలబడ్డాడు. అందరూ ఎవరో ఒకరి పక్కన నిలబడి ఉన్నారు. అతనొక్కడూ ఆ చెట్టు దగ్గర.

కొడుకు ప్రకాశరావు వచ్చినవాళ్ళందరినీ పలకరిస్తూ అతని దగ్గరికొచ్చాడు. మర్యాదగల మనిషి.

“మీరు ఎవరి తాలూకండి?”

దానం ఎవరి తాలూకూ కాదు. “నేను... నాన్నగారితో మాట్లాడేవోణ్ణండి. కార్ల గురించి.”

“ఓ, కార్ల బేరమా?” అన్నాడు ప్రకాశరావు అలసటగా. “ఇప్పుడవేవీ చూసే పరిస్థితి కాదండి. పెద్దకర్మ అయ్యాక ఎప్పుడైనా రండి.”

“ఆయ్,” అన్నాడు దానం.

పాడె లేచాక జనం వెనకాల, అందరికంటే చివర, శ్మశానందాకా నడిచాడు. మంట అంటుకునేదాకా ఉండి, దారిలో కాలవలో కాళ్ళు కడుక్కుని, కొత్తపేట బస్టాండుకి వచ్చాడు. బస్సు కోసం బల్లమీద కూర్చుని ఉంటే శారోన్ ఫోను చేసింది. ఎవరో చెప్పగా తెలిసిందట.

“అంకుల్, ఎక్కడున్నారు? ఏమన్నా తిన్నారా?”

“తింటానమ్మా.”

ఆ అమ్మాయి కాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు చీదుకుని, “ఇంతకీ ఆ కారు బాగుంటదా, బాగోదా? మీ ఇద్దరి గొడవ తేలనేలేదంకుల్,” అంది నవ్వబోతూ.

“తేలలేదమ్మా,” అన్నాడు దానం. ఇంకేదో చెప్పబోయాడు గానీ రాజోలు బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు త్వరగా ఎక్కమని కేకేస్తున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, సీటు దొరక్క, పై కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.